ఎర్రర్ రాలేదుగా

నా కూతురు నాకేదో చెబుతూనే ఉందని, అది నాకు చేరడం లేదని: నాకు అన్నిటికన్నా పెద్ద భయం ఇదే. కరెంటు స్విచ్చన్నా, కాలువ గట్టన్నా, పిల్లనెత్తుకుని బెంజ్ సర్కిల్ దాటడమన్నా కూడా నాకు భయమే. కడుపులో ఉన్నప్పుడే బెదిరావే నువ్వు అనేది మా అమ్మ. కానీ ఆ భయాలు వస్తాయి, పోతాయి. ఇది మాత్రం పొద్దున్నే నాకన్నా ముందు లేచి వంటింట్లో కూర్చుని ఉంటుంది.

ఆ పొద్దున నేను కొబ్బరి పచ్చడికి తాలింపు పెడుతున్నాను. శాంభవి గడప మీద కూర్చుని డబ్బా మూతను గిరగిరా తిప్పుకుంటోంది. దానికి మూడో ఏడు నడుస్తోంది. మా అత్తయ్య దానమ్మ చప్పుడు చేయకుండా దాని వెనక్కి వచ్చి, స్టీలు పళ్లెం మీద గరిటెతో ఠంగుమని కొట్టింది. పిల్ల ఉలిక్కిపడి తిరిగింది.

"చూశావా? చెవులు పాము చెవులే దీనికి. నీలాగే మొండిఘటం, అంతే. పలకాలనుంటే పలుకుద్ది, లేపోతే లేదు."

ఈ పళ్లెం పరీక్ష మా ఇంట్లో పాలపొంగంత మామూలు. పక్కింటివాళ్లు వచ్చినా చేసి చూపిస్తారు. మాటలు రావాలని వస కొమ్ము తేనెలో అరగదీసి పిల్ల నాలుక మీద రాశారు. చిలక కొరికిన జామకాయ ఎవరో తెచ్చిస్తే తినిపించారు. "అమ్మ" అని స్పష్టంగా అంటుంది కాబట్టి చెవిటిది కాదు. "మామ్మ" అంటుంది. పాలను "ఆలు" అంటుంది. తాతను "ఆఆ" అంటుంది. తనను తాను "ఆంఈ" అంటుంది. అదొక ఆటయిపోయింది ఇంట్లో. "ఆంఈ గారూ, ఆలు తాగుతారా?" అని వాళ్ల నాన్న అడిగితే అందరూ నవ్వుతారు, నేను కూడా. నవ్వుతూనే దాని మొహంలోకి చూస్తాను. అది మాత్రం మా పెదాలకేసి చూస్తుంటుంది, చేపలు నీళ్లపైకి వచ్చి నోరు తెరిచినప్పుడు చిన్నప్పుడు నేను చూసినట్టు.

మాది నాగాయలంక అవతల, కృష్ణ సముద్రంలో కలిసేచోటుకు దగ్గర. మా నాన్న కొండలయ్య చేపల వేటకు పోతాడు. నేను అవనిగడ్డలో ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతుండగా సంబంధం వచ్చింది. పెళ్లికొడుకు మణికుమార్, విజయవాడ పటమటలో సొంత డీటీపీ షాపు. పెళ్లయ్యాక కూడా చదువుకోవచ్చని అన్నారు. ఆ మాట అన్నది ఎవరో ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదు.

షాపులో పెళ్లి కార్డులు, ఓణీల ఫంక్షన్ ఫ్లెక్సీలు, దినకర్మ కార్డులు వేస్తారు. తెలుగు టైపింగంతా ఇంట్లోని కంప్యూటర్లో, నా చేతి మీదుగా వెళుతుంది. "మా ఆవిడ ఇంట్లో ఊరికే ఉండేదేగా, కొట్టేస్తుంది లెండి," అంటారాయన కస్టమర్లతో. ఊరికే అనే మాట గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. పిండి రుబ్బుతూ, పిల్లకు పాలిస్తూ, అత్తయ్య మోకాళ్లకు నూనె రాస్తూ, ఎవరివో తెలియని పెళ్లికూతుళ్ల పేర్లు కొడుతూ ఆలోచించాను. ఆ మాటలోపల చాలా పెద్ద ఇల్లొకటి ఉంటుంది. అందులో ఎన్ని గదులు ఊడ్చినా ఇంకొకటి మిగిలే ఉంటుంది. పిల్ల మాట్లాడకపోవడానికి కారణం కూడా మళ్లీ అదే కంప్యూటరు. "నువ్వు దానితో మాట్లాడితే గదా అది మాట్లాడేది. ఎంతసేపూ ఆ టీవీ పెట్టె ముందరే," అంటుంది అత్తయ్య. అన్నాక అరగంటకు, "వాడు షాపు నుంచి ఫోన్ చేశాడు, ఆ కార్డు అయిందా?" అని అడుగుతుంది.

పాత ఫైళ్లంటే నాకు మొదట్లో వణుకు. ఇరవై ఏళ్ల కిందట ఎవరో టైప్ చేసినవి తెచ్చి ఇస్తారు. తెరిస్తే ఒక్క తెలుగు ముక్క ఉండదు. ఇంగ్లీషులాంటి అక్షరాలు, వాటి నెత్తిన టోపీలు, చుక్కలు, కింద తోకలు, గాలిలో వంకరగీతలు. మొదటిసారి చూసినప్పుడు నేనే ఏదో నొక్కి పాడుచేశానని ఏడ్చేశాను. తర్వాత శాంభవిని ఒళ్లో వేసుకుని పాలిస్తూ, ఫోన్లో సౌండు తగ్గించి వీడియోలు చూసి నేర్చుకున్నాను. కంప్యూటరు లోపల అక్షరాలు ఉండవట. అంకెలే ఉంటాయట. ఏ అంకె ఏ అక్షరమో చెప్పడానికి పక్కన ఒక పట్టిక ఉంటుంది. అలాంటి పట్టికలు చాలా ఉన్నాయి. ఏ, బీ, సీలు, ఒకట్లు, రెళ్లు ఏ పట్టికలో చూసినా ఒకే చోట ఉంటాయి. మిగతావే పట్టిక మారితే మారిపోతాయి. పాత ఫాంట్లు చేసినవాళ్లు ఫ్రెంచివాళ్లవీ జర్మనీవాళ్లవీ టోపీ అక్షరాలు కూర్చునే కుర్చీల్లో మన తలకట్లనూ ఒత్తులనూ కూర్చోబెట్టారు. ఆ ఫాంటు లేని చోట తెరిస్తే కుర్చీలు మాత్రం కనిపిస్తాయి, కూర్చున్నవాళ్లు కనిపించరు.

ఆ సంగతి తెలిసిన రోజు నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. ఫైలు పాడవలేదు. రాసినవాళ్లు రాసింది రాసినట్టే ఉంది. చూసే పట్టికే తప్పు. అంట్లు తోముతూ కూడా నాలో నేను అదే అనుకున్నాను. ఆ తర్వాత చిన్న చిన్న ప్రోగ్రాములు రాయడం పట్టుబడింది. ఈ కుర్చీలో ఉన్నది ఫలానా ఒత్తు, ఆ కుర్చీలో ఉన్నది ఫలానా గుడి అని ఒక్కొక్కటే రాసి ఇస్తే, ప్రోగ్రాము పాత ఫైలు చదివి ఫోన్లో కనిపించే తెలుగులోకి మార్చిపెడుతుంది. తెలియని అంకె తగిలితే అక్కడే ఆగి ఎర్రటి అక్షరాలతో గోల పెడుతుంది. దాన్నే ఎర్రర్ అంటారు.

శ్రీరామచంద్రమూర్తి గారని, కూచిపూడిలో పిల్లలకు నాట్యం నేర్పే పెద్దాయన, తన పాటల ఫైలు పంపారు. ఎప్పుడో టైప్ చేయించినవి. ఇప్పుడు పిల్లలందరి ఫోన్లలోకి పంపాలట. నేను ప్రోగ్రాము నడిపాను. ఆగింది. ఆ అంకె సరిచేసి మళ్లీ నడిపాను. ఇంకోచోట ఆగింది. పక్కన శాంభవి నా కొంగు లాగుతోంది, పొయ్యి మీద కుక్కరు, షాపు నుంచి ఫోను.

"సాయంత్రానికి ఇస్తానన్నా సుధా. పరువు పోతుంది. ఏదోకటి చేసి ఆ ఎర్రర్ రాకుండా చెయ్యి, చాలు."

ఎర్రర్ రాకుండా చేయడానికి ఒక దారి ఉంది. ప్రోగ్రాములో ఒక్క మాట చేరిస్తే సరి: తెలియనిది తగిలితే వదిలేసి ముందుకు పో. నేను ఆ మాట చేర్చాను. ప్రోగ్రాము ఎక్కడా ఆగలేదు. నున్నగా, గోల లేకుండా, చివరిదాకా వెళ్లిపోయింది.

మధ్యాహ్నం మా ఇల్లు నీళ్లలో మునిగినట్టు ఉంటుంది. నీలం కర్టెన్లోంచి వచ్చిన ఎండ గోడ మీద అలల్లా కదులుతుంది. అత్తయ్య చాప మీద కునుకు తీస్తుంది. ఆ వెలుతురులో కూర్చుని, మారిన ఫైలును ఒకసారి పైకి చదువుదామనుకున్నాను. మొదటి మాట బాగానే వచ్చింది. రెండో మాటలో ముందు అక్షరం లేదు, దాని చివరి రాగం మాత్రం ఉంది. మూడోది మొత్తంగా ఉంది. నాలుగో మాట మధ్యలో తెగింది. వదిలేసి పొమ్మన్నాను కదా, వదిలేసిపోయింది. ఎక్కడ వదిలిందో గుర్తు కూడా పెట్టలేదు. కళ్లతో చూస్తే తెలుగే, పైకి చదివితే నా నోట్లోంచి "ఏ...ఆలా... నీ...ఊ... అమ్మా..." అని ఏదో వస్తోంది. అప్పుడు నా మోకాలి మీద చిన్న చెయ్యి పడింది. శాంభవి. అది నా పెదాలు చూస్తూ, కళ్లు ఇంతింత చేసుకుని, పకపకా నవ్వుతోంది. "ఏ...ఆలా," అంది. ఇన్నాళ్లకు తన భాష మాట్లాడే మనిషి దొరికినట్టు నా బుగ్గలు రెండు చేతుల్తో పట్టుకుంది.

నాకు మా ఊరి ఏరు గుర్తొచ్చింది. చిన్నప్పుడు నేను ఏట్లో మునిగి ఊపిరి బిగబట్టి కూర్చునేదాన్ని. గట్టు మీంచి అమ్మ పిలిస్తే ఆ పిలుపు నీళ్లలోంచి వచ్చేది. పడవ ఇంజను వినపడేది, అమ్మ గొంతు వినపడేది, మాటలు మాత్రం అంచులు కరిగిపోయి, మెత్తగా, గుండ్రంగా వచ్చేవి. తిడుతోందో, అన్నానికి పిలుస్తోందో తెలిసేది కాదు. పైకి తేలి ఆమె మొహం చూశాకే తెలిసేది.

నేల మీద దాని బొమ్మలన్నీ పరిచాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "మామ్మ ఏది?" అన్నాను. నిద్రపోతున్న వాళ్ల మామ్మను చూపించింది. కొంగు తీయకుండానే, "చేప ఏది?" అన్నాను. అది నా కళ్లలోకి చూసింది. కొంగువైపు చూసింది. ఎదురుగా ప్లాస్టిక్ చేప ఉంది, అది రోజూ నోట్లో పెట్టుకుని కొరికేదే. మళ్లీ అడిగాను. అది మెల్లగా చెయ్యి చాచి నా కొంగు కిందికి లాగింది. "చేప ఏది శాంభవీ?" అన్నాను నోరు కనపడేలా. చప్పున చేపను తీసి నా చేతిలో పెట్టింది.

పళ్లెం వినపడుతుంది. లారీ హారన్ వినపడుతుంది. అమ్మ, మామ్మ వినపడతాయి. నున్నటి, సన్నటి చప్పుళ్లే దాని దాకా రావడం లేదు. పిల్ల ఏం వింటోందో అది తు.చ. తప్పకుండా మాకు తిరిగి చెబుతోంది. మేం నవ్వుతున్నాం.

ఫైలు పట్టుకెళ్లడానికి సాయంత్రం ఆయన వచ్చారు. టీ ఇస్తూ చెప్పాను.

"ఏమండీ, పాపకు చెవులు పరీక్ష చేయించాలండీ."

"ఇదేంటి కొత్తగా? పళ్లెం కొడితే తిరుగుతోందిగా."

"పళ్లెం వినపడుద్దండీ. మాటల్లో కొన్ని ముక్కలు వినపడట్లేదు. ఈ మూర్తిగారి ఫైల్లో పోయినట్టు."

ఆయన పెద్దగా నవ్వారు. "అమ్మా, విన్నావా? నీ మనవరాలు ఫైలంట. ఫోన్లో వీడియోలు చూసి డాక్టరమ్మ అయిపోయింది నీ కోడలు. ఇంటరే గట్టెక్కలేదు గానీ."

"ఆడపిల్లకు చెవిలో మిషను పెట్టి ఊరేగిస్తావా ఏంటే?" అంది అత్తయ్య చాప మడుస్తూ. "మా వాడు కూడా నాలుగేళ్లు నిండాకే నోరిప్పాడు. ఇప్పుడు చూడు, ఆపమన్నా ఆపడు."

"అయినా నువ్వే నాలుగు మాటలు మాట్లాడుతుండు దానితో. సరే, ఫైలు ఏది?" అన్నారాయన.

"ఇవ్వలేనండీ. చాలా అక్షరాలు పోయాయి. మళ్లీ మొదటి నుంచి చెయ్యాలి."

"ఎర్రర్ వచ్చిందా?"

"రాలేదు."

"ఎర్రర్ రాలేదుగా. ఇంకేంటి నీ బాధ? పాడుకునే పిల్లలకు పాటలు నోటికే వచ్చు. ఎవడు చూస్తాడు?"

ఎర్రర్ రాలేదుగా. ఆ మాట గిన్నెలు కడుగుతున్నంతసేపూ చెవిలో తిరిగింది. కాలేజీ మాన్పించినప్పుడు నేను ఏడవలేదు, ఏడవలేదుగా అన్నారు. పురుడప్పుడు కుట్లు మానకముందే పొయ్యి దగ్గర నిలబడ్డాను, నిలబడిందిగా అన్నారు. శాంభవి తింటోందిగా, పడుకుంటోందిగా, అమ్మ అంటోందిగా. మా ఇంట్లో అన్నీ ఎక్కడా ఆగకుండా, గోల లేకుండా నడుస్తాయి. అలా నడవడానికి ఏమేం వదిలేసి పోయామో ఎవరూ గుర్తు పెట్టలేదు. చేతిలోని గ్లాసు మీంచి నీళ్లు జారుతున్నాయి. నాకు ఏడుపు రాలేదు. భయం కూడా వేయలేదు. నీళ్లకింద కూర్చున్నప్పుడు ఉండే నిశ్శబ్దంలాంటిది వచ్చింది. ఇంక ఊపిరి పట్టలేం, పైకి లేవాల్సిందే అని ఒంటికి తెలిసే ముందు వస్తుందే, అది.

మర్నాడు ఆయన షాపుకు వెళ్లాక, కూర దించి, అత్తయ్యకు అన్నం మూతపెట్టి, కంప్యూటరు ముందు కూర్చున్నాను. వదిలేసి ముందుకు పొమ్మన్న ఆ ఒక్క మాటా ప్రోగ్రాములోంచి తీసేశాను. నడిపాను. మొదటి పాట దగ్గరే ఆగి తెరంతా ఎర్రగా అయింది. దాన్ని అలాగే ఉంచి, పిల్లకు గౌను మార్చి, చెప్పులు వేసుకున్నాను.

"ఎక్కడికే?"

"చెవుల పరీక్షకు అత్తయ్యా."

"వాడికి చెప్పావా?"

"నిన్న చెప్పాను కదా. మీరూ విన్నారు."

బెంజ్ సర్కిల్ దాటేటప్పుడు పిల్లను గుండెకు అదుముకున్నాను. బస్సులన్నీ ఒక్కసారి మా మీదికే వస్తున్నట్టుంది. అది మాత్రం హారన్ మోగిన ప్రతిసారీ చెయ్యెత్తి ఎటునుంచి వచ్చిందో నాకు చూపిస్తోంది, వినపడుతోందని నన్ను ఓదారుస్తున్నట్టు.

వినికిడి పరీక్షల చోట బెంచీ మీద నా పక్కన ఒక అమ్మాయి కూర్చుంది. నాకన్నా చిన్నది. ఒళ్లో ఏడాది దాటిన పాప, ఆ పాప కూడా వచ్చేపోయేవాళ్ల నోళ్లకేసి చూస్తోంది.

"మీ పాప మాట్లాడుద్దా అక్కా?" అంది మెల్లగా.

"అమ్మ అంటుంది. మీ పాప?"

"ఏమీ అనదక్కా. పళ్లెం కొడితే మాత్రం తిరుగుద్ది." ఆమె నవ్వబోయి ఆగింది. "మీ ఇంట్లో కూడా కొడతారా?"

ఇద్దరం ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నాం. ఆ నవ్వులో మా ఇద్దరి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పేరు స్టెల్లా అని చెప్పింది. వాళ్లది ఉయ్యూరు అవతల, కాలువ పక్క ఊరు. వాళ్లాయన చేపల చెరువు కాపలా. పుట్టింటికని చెప్పి వచ్చిందట.

ఆమె ఫోను మోగింది. అటునుంచి వచ్చే మాటలు నాకు వినపడలేదు. ఆమె "ఆఁ", "లేదండీ", "వస్తున్నానండీ" అంటూ లేచి నిలబడింది. "తెలిసిపోయిందక్కా. వెంటనే రమ్మంటున్నారు."

"ఇంత దూరం వచ్చావు, చూపించుకుని వెళ్లు."

"మళ్లీ వస్తాలే అక్కా." పాపను చంకనేసుకుని, ఆ పాప నా నోటికేసి చూస్తూ ఉండగానే, మెట్లు దిగి వెళ్లిపోయింది. ఫోను నెంబరు తీసుకోవాలన్న ధ్యాస నాకు లేకపోయింది.

తర్వాత నా ఫోను మోగింది.

"ఏం చేశావు సుధా? షాపుకి ఫైల్ పంపలేదని ఇంటికొచ్చా. స్క్రీను నిండా ఎర్రగా ఏదో వచ్చింది."

"ఎక్కడ ఆగిందో అందులో రాసుంటుందండీ. చదవండి."

"ముందు నువ్వు ఇంటికి రా."

"పరీక్ష అయ్యాక వస్తాను." నేనే కట్ చేశాను. మళ్లీ మోగింది. సంచిలో పడేసి, సంచి బెంచీ కిందికి నెట్టి, పిల్లనెత్తుకుని లోపలికి వెళ్లాను.

పరీక్ష చేసిన అమ్మాయి కాగితం మీద గీత గీసి చూపించింది. గీత కొంతదూరం నేల మీద నడిచినట్టు నడిచి, గట్టు మీంచి ఏట్లోకి దిగినట్టు దిగిపోయింది. లావు చప్పుళ్లు దాదాపు అన్నీ వినపడతాయట, సన్నటివి పోతున్నాయట. "ఇలాంటి పిల్లల్నే ఇంట్లోవాళ్లు త్వరగా పట్టుకోలేరండీ, పిలిస్తే పలుకుతారు కదా. ఇప్పుడు మిషన్లు పెట్టించి మాటలు నేర్పిస్తే వచ్చేస్తాయి. ఆలస్యం చేసేకొద్దీ కష్టం," అంది. చూడటానికని దాని చెవులకు చిన్న మిషన్లు పెట్టి, నన్ను వెనక నిలబడి మామూలుగా పిలవమంది.

"శాంభవీ," అన్నాను.

అది ఏడవలేదు, నవ్వలేదు. తిరిగి నా పెదాలు చూసింది. తర్వాత పక్కకు వంగి, నా వెనక ఇంకెవరున్నారా అని చూసింది.

మూర్తిగారి పాటలు ఒక్కొక్క అక్షరమే సరిచేస్తున్నాను, నిదానంగా. ఆయనతో నేనే ఫోన్లో మాట్లాడాను, ఆగుతానన్నారు. మా ఇంట్లో ఇంకా గొడవగానే ఉంది. మిషన్లు పెట్టించేదాకా ఉంటుంది, పెట్టించాక కూడా ఉంటుంది. ఉండనీ. అది నా సంగతి, నేను చూసుకుంటాను. మిమ్మల్ని అడగాల్సింది ఇంకొకటుంది. మీలో ఎవరిదైనా ఉయ్యూరు అవతల, కాలువ వెంట ఊళ్లయితే, స్టెల్లా అనే అమ్మాయి కోసం ఒకసారి వెళ్లి చూడండి. సన్నంగా ఉంటుంది, ఎడమ ముంజేతి మీద నూనె పడి కాలిన మచ్చ ఉంటుంది. చంకలో పాప మీ నోటికేసి చూస్తుంటుంది. పరీక్ష చేయించావా అని అడగండి. ఇంట్లోవాళ్ల ముందు అడక్కండి, లేదనే అంటుంది. ఆమెను ఒక్కదాన్నే పక్కకు పిలిచి, ఎలా ఉన్నావమ్మా అని ముందు అడగండి.